నూనెలో పొడి

బాపట్ల,
జూన్ 9.

పూజ్యురాలైన అత్తయ్యకి,

కృష్ణకాంత్ నమస్కరించి రాస్తున్నది. మొన్న ఫోన్లో చెప్పబోతే నీ స్పార్క్ మిషన్ గరగరలో నీ "ఆఁ" తప్ప నాకేమీ వినపడలేదు. నా "అదేంటంటే" తప్ప నీకేమీ వినపడలేదు. చివరికి విసుక్కుని, "రాసి పంపరా, తెలుగులో రాసి పంపు, ఇంగ్లీషు ముక్క కనపడిందంటే కాగితం తీసుకెళ్ళి మిషన్లో వేస్తా" అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

నా పీహెచ్‌డీ సంగతి నీకు తెలుసు. మొదలుపెట్టినప్పుడు నాకు జుట్టు నిండుగా ఉండేది. విశ్వవిద్యాలయం వాళ్ళు ఇప్పుడు ఆఖరి గడువు ఇచ్చారు. ఈ ఏడాది చివరికల్లా తేలకపోతే నా పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే ఇక్కడ కాలేజీలో నా ఉద్యోగం కూడా ఉండదని యాజమాన్యం మొహం మీదే చెప్పింది. మా కాలేజీ మిషన్ చూస్తే పోయిన వానాకాలం నుంచి మూలపడి ఉంది. బాగుచేసే మనిషి వచ్చి చూసి, దానికి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇక నాకు నీ షెడ్డులో ఉన్న మిషనే దిక్కు.

నీకు తెలియని పని కాదు. కానీ మా గైడు శివరామయ్య గారు "కొత్తవాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకోవయ్యా" అంటున్నారు కాబట్టి నీ మీద అభ్యాసం చేస్తున్నాను. రంపానికీ బరమాకీ లొంగని గట్టి లోహాన్ని నూనెలో ముంచుతాం. ఒక రాగి కడ్డీని దానికి తగలకుండా దగ్గరగా తెచ్చి కరెంటు ఇస్తాం. మధ్యలో నిప్పురవ్వలు పుట్టి లోహాన్ని కొంచెం కొంచెంగా తినేస్తాయి. కడ్డీ ఏ ఆకారంలో ఉంటే లోహంలో ఆ ఆకారం పల్లం పడుతుంది. అయితే పని నత్తనడక, పైగా కోసిన చోటల్లా గరుకు. దీన్ని బాగుచేయాలని లోకమంతా తంటాలు పడుతోంది. కొందరు మిషన్ నూనెకి బదులు ఆముదం పోసి చూశారు, కొందరు పొద్దుతిరుగుడు నూనె పోశారు. నా పరిశోధన ఏమిటంటే నూనెలో సన్నటి పొడి కలపడం. పొడి ఉంటే రవ్వలు ఒక్కచోటే పడకుండా చెదురుతాయి, పని వేగంగానూ నునుపుగానూ వస్తుంది.

ఆ గట్టి లోహపు బిళ్ళలు పంపుతున్నాను. సగం మామూలు నూనెలో చెయ్యి. మిగతా వాటికి నూనెలో పొడి వేసి, ముద్దలు కట్టకుండా బాగా కలిపి, అందులో చెయ్యి. పొడి గురించి పోయిన ఆదివారం నువ్వు ఊళ్ళో లేనప్పుడు వచ్చి మావయ్యతో అంతా మాట్లాడి సీసా ఆయన చేతికే ఇచ్చాను.

నా బతుకు నీ చేతుల్లో ఉంది.

నీ మేనల్లుడు,
కృష్ణకాంత్


తెనాలి,
జూన్ 24.

చిరంజీవి కిట్టూకి,

అత్తయ్య ఆశీస్సులు. "పూజ్యురాలైన" అని మొదలయ్యేసరికి ఎవరు పోయారో అనుకుని కూర్చుని చదివాను. ఇంకెప్పుడూ అలా రాయకు.

మిషన్ ఖాళీగా ఏమీ లేదు. రేపల్లెలో శాలేమురాజు గారి రొయ్యల మేత మిల్లుకి అచ్చులు చేస్తున్నాను. మేతని సేమ్యాలా వత్తే ఉక్కు అచ్చులవి. ఒక్కోదానికి జల్లెడకున్నన్ని చిల్లులు. ఆ పని పక్కన పెట్టి నీ బిళ్ళలు ఎక్కించాను. శాలేమురాజు గారు ఫోన్ చేస్తే మిషన్ ఆన్ చేసి మాట్లాడుతున్నాను. గరగర కూడా ఒకందుకు మంచిదే.

నూనెలో పొడి కలపమన్న చోట ఆగి రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాను. మన షెడ్డులో పనిచేసే యాకోబు కూడా, "అమ్మగారూ, మిషన్లోనేనా అండి?" అని అడిగాడు. ఆముదం పోసినవాళ్ళే ఉన్నారట, మనదేముంది అన్నాను. పొడి మీ మావయ్య దగ్గరుండి తయారుచేసి ఇచ్చారు. ఆయన సంబరం చూడాలి. "కిట్టూగాడు పరిశోధనకి నా పొడే కావాలన్నాడు" అని సాయంత్రం నడకకి వచ్చే వాళ్ళందరికీ చెప్పుకున్నారు.

ఇక బిళ్ళల సంగతి. మామూలు నూనెలోవి ఎప్పటిలాగే గరుకుగా వచ్చాయి. పొడి వేసినవి నేనూ యాకోబూ మళ్ళీ మళ్ళీ వేలితో తడిమి చూశాం. అంత నునుపు నా చేతుల మీదుగా ఎప్పుడూ రాలేదు. పని కూడా తొందరగా అయింది. అన్నీ గుడ్డలో చుట్టి బాపట్ల బస్సులో వేశాను, తీసుకో.

నీ బతుకు నా చేతుల్లో పెట్టకు, చేతులకి నూనె ఉంది.

అత్తయ్య


బాపట్ల,
జూలై 11.

ప్రియమైన అత్తయ్యకి,

బిళ్ళలు అందాయి. నునుపు కొలిచే పరికరం మీద పెట్టాను. అంకె చూసి పరికరం చెడిపోయిందనుకుని ఇంకొకటి తెప్పించాను. అదీ అదే చెప్పింది. శివరామయ్య గారికి చూపిస్తే ఆయన కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం నేను ఇదివరకు ఒక్క కరెంటు పోయినప్పుడే చూశాను. ఆ రోజే విశ్వవిద్యాలయానికి రాసేశారు. నేను కూడా ఆగలేక గుంటూరులో ఒక సదస్సులో నిలబడి ఫలితాలు చదివాను. చప్పట్లు కొట్టారు అత్తయ్యా. నాకు చప్పట్లు కొట్టడం చిన్నప్పుడు గుండు గీయించినప్పటి తర్వాత ఇదే.

ఆ గ్రాఫైటు పొడి (క్షమించు, ఇంగ్లీషు ముక్క పడింది, కొట్టేస్తున్నాను) ఆ నల్ల పొడిని మావయ్య ఇంకా నూరి ఏ పద్ధతిలో తయారుచేశారో నాకు వివరంగా కావాలి. ఎంత సన్నగా ఉంది? రంగు ఏమైనా మారిందా? నూనెలో అడుక్కి దిగిపోతోందా, తేలుతోందా? దానివల్ల పనివాళ్ళకి ఏమైనా ఇబ్బంది ఉందా? ఇవన్నీ థీసిస్‌లో రాయాలి. ఒక సీసా పొడి కూడా పంపు. మైక్రోస్కోపు కింద చూడాలి.

మావయ్యకి నా కృతజ్ఞతలు ప్రత్యేకంగా చెప్పు. ముందుమాటలో ఆయన పేరు వేస్తాను.

నీ
కిట్టూ


తెనాలి,
జూలై 22.

చిరంజీవి కిట్టూకి,

ఏదో ముక్క రాసి కొట్టేశావు, అసలేమీ కనపడనంత బాగా కొట్టేశావు. ఆ శ్రద్ధ చదువులో పెట్టి ఉంటే ఎప్పుడో డాక్టరువయ్యేవాడివి.

నీ ప్రశ్నలు మీ మావయ్యకి చదివి వినిపించాను. సన్నదనం అంటావా, ముందు మిక్సీలో తిప్పి, జల్లెడ పట్టి, మిగిలిన పలుకులు రోట్లో దంచారు. రంగు నలుపే. మన ఇంట్లో అది ఎప్పుడూ నలుపే కదా. నూనెలో వేశాక కాసేపటికి అడుక్కి చేరుతుంది, అందుకని యాకోబు కర్ర పెట్టి తిప్పుతూ ఉంటాడు. ఇబ్బంది అంటే పాపం అతనికే, ఒకటే తుమ్ములు. ఇంకొక విచిత్రం. పొడి వేసి మిషన్ నడిపిన రోజున షెడ్డులో అందరికీ పెందలాడే ఆకలేస్తోంది. పదకొండు కాకుండానే క్యారేజీలు విప్పుతున్నారు. ఇది కూడా రాసుకుంటావో లేదో నీ ఇష్టం.

సీసా పంపుతున్నాను. తడి చెంచా పెట్టకు, బూజు పడుతుంది. మైక్రోస్కోపుకి పోగా మిగిలింది నువ్వు వాడుకో. ముందుమాటలో పేరు వేస్తావని చెప్తే మీ మావయ్య "ఇంటిపేరుతో సహా వేయమను" అన్నారు.

అత్తయ్య


బాపట్ల,
జూలై 27.

అత్తయ్యా,

ఇది నల్లకారం.

సీసా మూత తీసింది మా ల్యాబులో పనిచేసే బిందు. తీసి, వాసన చూసి, "సార్, టిఫిన్ ఇక్కడికే తెచ్చుకున్నారా?" అని అడిగింది. నేను నమ్మలేదు. మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. కరివేపాకు ఈనె తాటిచెట్టంత కనపడింది. పక్కన వెల్లుల్లి పొర. నాలిక మీద కొంచెం వేసుకున్నాను. ఇక అనుమానం లేదు.

నేను అంతమంది ముందు నిలబడి ఇడ్లీలోకి వేసుకునే పొడి గురించి ఉపన్యాసం ఇచ్చాను అత్తయ్యా. రేఖాచిత్రాలు కూడా చూపించాను. శివరామయ్య గారు విశ్వవిద్యాలయానికి రాసేశారు. బయటి నుంచి పరీక్షకురాలిని కూడా నియమించేశారు. ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఏమని చెప్పాలి? నేనిచ్చిన గ్రాఫైటు పొడి ఏమైంది? ఇంత కల్తీ పొడి మిషన్లో పోస్తుంటే నీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా? నా పీహెచ్‌డీ నాశనమైంది. కోపంగా రాస్తున్నానని తెలుసు. రేపటికి తగ్గుతుందేమోనని ఈ రోజే పోస్టు చేస్తున్నాను.

కృష్ణకాంత్


తెనాలి,
ఆగస్టు 2.

కిట్టూకి,

నూనె అన్నావు. పొడి అన్నావు. ముద్దలు కట్టకుండా కలపమన్నావు. ఈ మూడు మాటలూ వరసగా రాసి తెనాలిలో ఏ ఇంటికైనా పంపించి చూడు, ఏం తెస్తారో. ఇడ్లీలు కూడా తెస్తారు. గ్రాఫైటు అని ఒక్క ఇంగ్లీషు ముక్క మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే సరిపోయేది. రాయొద్దన్నది నేనే, ఒప్పుకుంటాను. అయినా మగవాడివి, అవసరమైన చోట కొంచెం ధైర్యం చేయాలి.

నువ్విచ్చిన సీసాలోది మీ మావయ్య చిటికెడు నోట్లో వేసుకున్నారట. "పాపం, ఆ మెస్సు తిండి తిని తిని వీడికి ఉప్పూ కారం కూడా తెలియకుండా పోయింది, మంచి పొడి చేసిపెట్టమని మొహమాటంగా అడుగుతున్నాడు" అనుకున్నారు. నువ్వేమో రెండు గంటలు పొడి పొడి అని మాట్లాడి వెళ్ళావు, అది దేనికో చెప్పావో లేదో ఆయనకి గుర్తులేదు. తర్వాత నా పేర నీ ఉత్తరం రావడంతో "అబ్బో, పరిశోధనకి కూడానా" అన్నారు. నీ పొడి తలుపు గొళ్ళేలకి రాశాం. చక్కగా జారుతున్నాయి, ఆ విధంగా అది వృథా పోలేదు.

అనుమానం రాలేదా అన్నావు. వచ్చింది. కానీ మిషన్ అంత బాగా నడుస్తుంటే అనుమానాన్ని ఎవరు పట్టించుకుంటారు?

నువ్వు రాసిన ఇంకో మాట ఉంది. నీ ఉత్తరాలు పైకి చదవడం నాకు అలవాటైపోయి, "కల్తీ" అన్న మాట కూడా పైకే చదివేశాను. మీ మావయ్య పక్కనే ఉన్నారు. ఆ రోజు నుంచి అన్నంలో పొడి వేసుకోవడం మానేశారు. నువ్వు కాలేజీవాళ్ళు ఉద్యోగం పీకేస్తారని భయపడుతున్నావు, ఆయనకి ఉన్న ఉద్యోగమల్లా ఆ పొడే. ముందు ఆయనకి ఒక ముక్క రాయి.

అత్తయ్య


బాపట్ల,
సెప్టెంబరు 15.

ప్రియమైన అత్తయ్యకి,

మావయ్యకి విడిగా ఉత్తరం నువ్వు చెప్పిన వెంటనే రాశాను. క్షమాపణ ఒక పేజీ, పొగడ్త రెండు పేజీలు. రెండూ మనస్ఫూర్తిగానే రాశాను.

శివరామయ్య గారికి నిజం చెప్పేశాను. ఆయన లేచి వెళ్ళి తలుపు వేసుకుని నవ్వారు. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుని, "ఫలితం నిజమేనా?" అన్నారు. "నిజమేనండి" అన్నాను. "అయితే కారణం చెప్పు. కారణం చెప్తే అది పీహెచ్‌డీ. చెప్పలేకపోతే వంటల పుస్తకం" అన్నారు.

అప్పటినుంచీ అదే పని మీద ఉన్నాను. గుంటూరులో తెలిసినవాళ్ళ షెడ్డులో సాయంత్రాలు మిషన్ ఇస్తున్నారు. అసలు గ్రాఫైటు వేసి చూశాను. ఫరవాలేదు, అంతే. మా మెస్సు నల్లకారం వేశాను, మిషన్ ఆగిపోయింది. పచ్చళ్ళ కొట్లో కొన్నది వేశాను, బిళ్ళ నిండా గుంటలు పడ్డాయి. కొలీగు చందన గారు వాళ్ళమ్మ చేసిందని ఇస్తే అదీ వేశాను. అదీ పనిచేయలేదు, ఆవిడకి చెప్పలేక చాలా బాగుందన్నాను, ఇప్పుడు వారం వారం తెస్తోంది. లోకంలో ఎవరి నల్లకారమూ పనిచేయడం లేదు. ఒక్క మావయ్యదే పనిచేస్తోంది.

నవంబరులో పరీక్షకురాలు వస్తున్నారు. మా కాలేజీ మిషన్ పనిచేయడం లేదు కాబట్టి నిరూపణ నీ షెడ్డులోనే చూస్తారట. మావయ్య పొడి వేసి మిషన్ నడిపి, ఎందుకు పనిచేస్తోందో ఆవిడకి చెప్పాలి. చెప్పలేకపోతే అక్కడితో సరి. ఆ పొడిలో ఏముంది అత్తయ్యా? మావయ్యని అడిగితే "ప్రేమ ఉంది" అని రాశారు. అది థీసిస్‌లో పెట్టలేను.

నీ
కిట్టూ


తెనాలి,
సెప్టెంబరు 23.

కిట్టూ,

ఈ ఉత్తరం చదివి చించెయ్. నేను దీన్ని పైకి చదవకుండా, షెడ్డులో కూర్చుని, మిషన్ ఆన్ చేసుకుని రాస్తున్నాను.

మీ మావయ్య చేసేది నల్లకారం కాదు. మామూలు కారప్పొడి. ఎర్రగా ఉండాలి. ఆయన పొయ్యి మీద మూకుడు పెట్టి, ధనియాలూ మిరపకాయలూ పోసి, పక్కన నిలబడి పేపరు చదువుతారు. రాజకీయాల పేజీ అయ్యేసరికి అన్నీ మాడిపోతాయి. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి అలా చేసి ఎంతో ఆశగా నా మొహం చూశారు. మాడిందండీ అని అనలేకపోయాను. "నల్లకారమా అండి, బాగుంది" అన్నాను. అప్పట్నుంచీ అది నల్లకారమే. నువ్వూ, మీ నాన్నా, చుట్టాలూ అందరూ అదే పేరుతో తిన్నారు. ఊళ్ళో మిగతావాళ్ళ నల్లకారం వేరు. వాళ్ళది చక్కగా వేగి నల్లబడుతుంది. మనది బొగ్గు.

నీకు కావలసిన కారణం ఇదేనేమో. బొగ్గులోంచి కరెంటు పారుతుందని నాకూ తెలుసు. కానీ ఆయన ముందు ఈ మాట ఎత్తావంటే నీ పీహెచ్‌డీ నాకక్కర్లేదు. ఇన్నేళ్ళు దాచాను. నీ పరీక్ష కోసం బయటపెట్టను.

అత్తయ్య


తెనాలి,
నవంబరు 19.

అత్తయ్యా,

ఫోన్ చేస్తే ఏడుస్తానేమోనని రాస్తున్నాను. యాకోబు రేపల్లె పాసింజరుకి వస్తున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను. అచ్చు ఇరుక్కుందని శాలేమురాజు గారు నిన్ను సరిగ్గా ఈ రోజే మిల్లుకి పిలవడం నా ఖర్మ. నువ్వు ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు.

పరీక్షకురాలు ఒడిశా నుంచి వచ్చారు. పెద్దావిడ, చాలా నెమ్మది. శివరామయ్య గారూ వచ్చారు. అందరూ మిషన్ చుట్టూ నిలబడ్డారు. మావయ్య తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెండి గిన్నెలో పొడి పట్టుకొచ్చారు.

పొడి ఎర్రగా ఉంది.

అంత అందమైన కారప్పొడి నేనెప్పుడూ చూడలేదు. మిరపకాయ రంగు అలాగే ఉంది. పెద్దవాళ్ళు వస్తున్నారని జీడిపప్పు కూడా వేశారట. వద్దని ఎలా అనను? నూనెలో పోశారు. మిషన్ రెండు నిమిషాలు మూలిగింది. బిళ్ళ తీసి చూస్తే గుంటలు తప్ప ఏమీ లేవు.

"ఎందుకు పనిచేయలేదు?" అని ఆవిడ ఇంగ్లీషులో అడిగారు. నాకు కారణం తెలుసు. మావయ్య పక్కనే నిలబడి ఉన్నారు, చేతిలో ఖాళీ గిన్నె. ఆయనకి అర్థం కాకూడదని నాకు తెలిసిన ఇంగ్లీషంతా బయటికి తీశాను. ఎప్పుడూ గింజలు మాడి బొగ్గవుతాయనీ, ఆ బొగ్గు పొడే నిప్పురవ్వల్ని చెదరగొడుతుందనీ, ఈసారి మాడలేదనీ, పైగా జీడిపప్పు జిడ్డు రేణువులకి పట్టి అడ్డం పడిందనీ చెప్పాను. పేపరు సంగతి కూడా చెప్పాను. చాలా పెద్ద మాటలు వాడాను. బాగా చెప్పానని కూడా అనిపించింది.

ఆవిడ అంతా విని తలాడించి, శుభ్రమైన తెలుగులో, "అంటే ఈ పొడి ఎప్పుడూ మాడేదన్నమాట. ఈసారి మాడలేదు" అన్నారు. ఆవిడది బరంపురం అత్తయ్యా. ఇంట్లో తెలుగే.

మావయ్య నా వైపు ఒకసారి చూసి, గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అప్పటినుంచీ బయటికి రాలేదు.

ఆవిడ వెళ్ళేముందు చెప్పింది ఇది: "పని జరిగినప్పుడు ఎందుకు జరిగిందో ఎవరైనా ఏదో ఒకటి చెప్తారండి. జరగనప్పుడు మీరు నిలబడి కారణం చెప్పారు. నాకు నచ్చింది. కానీ పేపరు చదువుతూ మాడ్చడం ప్రయోగం కాదు, ప్రమాదం. కావాలని మాడ్చండి. రెండుసార్లు ఒకేలా మాడ్చి, రెండు బిళ్ళలు ఒకేలా చేసి మూడు వారాల్లో పంపండి. సంతకం పెడతాను."

మధ్యాహ్నం నుంచీ నీ వంటింట్లో నేనే మాడుస్తున్నాను. ఒకసారి పచ్చిగా ఉంటోంది, ఒకసారి బూడిద అవుతోంది. ఎంత మాడ్చాలో మావయ్య ఒక్కరి చేతికే తెలుసు, ఆయనకేమో ఇన్నాళ్ళూ మాడుతోందనే తెలియదు. వెళ్ళి ఎలా అడగను? డిగ్రీ పోతే పోయింది, ఆయన్ని అలా చూడలేకపోతున్నాను. త్వరగా రా.

కిట్టూ


తెనాలి,
నవంబరు 28.

చిరంజీవి కిట్టూకి,

అత్తయ్య ఆశీస్సులు. మిల్లు పని తెమిలి నేను వచ్చేసరికి నువ్వు బాపట్ల పారిపోయావు. వంటిల్లు నువ్వు వదిలి వెళ్ళిన స్థితి గురించి నేరుగా కలిసినప్పుడు మాట్లాడతాను.

మీ మావయ్య పేపరు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను చెప్పులు విడవకముందే అడిగారు.

"మాడుతుందని నీకు తెలుసా?"

"తెలుసండి."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి చెప్పవేం?"

"మీరు చిన్నబుచ్చుకుంటారని."

ఆయన ఒళ్ళోని పేపరు పక్కన పడేసి, "ఓసి పిచ్చిదానా, నేను కావాలనే కదే మాడుస్తోంది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. మొదటిసారి నిజంగానే మాడిందట. పారబోద్దామనుకుంటుంటే నేను బాగుందని తిని, మారు కూడా వేసుకున్నానట. పిల్లకి ఇలాంటిదే ఇష్టం కాబోలు అనుకున్నారట. అప్పట్నుంచీ నా కోసమే మాడుస్తున్నారు. కావాలని మాడుస్తున్నాడంటే చూసినవాళ్ళు పిచ్చివాడనుకుంటారని పేపరు అడ్డం పెట్టుకునేవారట. రాజకీయాల పేజీ కాదు కదా, ఏ పేజీ కూడా చదవలేదట. పరాయి ఆడమనిషి, పెద్దావిడ వస్తోంది, ఆవిడకి మాడింది ఎలా పెడతామని ఆ ఒక్కరోజు మాత్రం తిన్నగా వేయించారు.

నేను ఆయన కోసం తిన్నాను. ఆయన నా కోసం మాడ్చారు. ఇద్దరం ఇన్నేళ్ళు బొగ్గు తిన్నాం.

"ఇంతకీ నీకు ఇష్టమేనా కాదా, నిజం చెప్పు" అన్నారు. కాదని చెప్పడానికే నోరు తెరిచాను. గిన్నెలో ఆ రోజు మిగిలిన ఎర్రపొడి ఉంటే అన్నంలో కలుపుకుని తిని చూశాను. ఘుమఘుమలాడుతోంది, అందరూ మెచ్చుకునే పొడి. నా గొంతు దిగలేదు. "మాడిందే ఇష్టమండి" అన్నాను. ఏడుపొచ్చింది. ఆయన కారం ఎక్కువైందనుకుని నీళ్ళు తెచ్చారు.

ఇక నీ పని. ఎంత మాడాలో ఎలా తెలుస్తుందండీ అని అడిగాను. ఆయనకో గుర్తు ఉంది. మన వంటింటి కిటికీకి ఎదురుగా పక్కింటి బసవమ్మ గారి కిటికీ. పొగ ఘాటుకి ఆవిడ ముందు దగ్గుతుంది. దగ్గితే ఇంకా కాలేదని. ఆ తర్వాత లేచి వచ్చి కిటికీ రెక్క ధడాలున వేస్తుంది. ఆ చప్పుడు వినగానే మూకుడు దించెయ్యాలి. ఒక్క క్షణం ముందూ కాదు, వెనకా కాదు. ఇన్నేళ్ళుగా అదే కొలత.

నిన్న ఒకసారి, ఈ రోజు ఒకసారి మాడ్చారు. పేపరు లేకుండా, బాహాటంగా, నేను పక్కన నిలబడి ఉండగా. రెండుసార్లూ ఆవిడ కిటికీ వేసింది. రెండు బిళ్ళలూ మిషన్ ఎక్కించాను. ఏది ఏదో నాకే తెలియక వెనకాల సుద్దతో గుర్తు పెట్టాల్సి వచ్చింది. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. బరంపురం ఆవిడకి పంపి సంతకం పెట్టించుకో.

కొలత గురించి థీసిస్‌లో ఏం రాసుకుంటావో రాసుకో, ఈసారి ఇంగ్లీషులో రాసినా ఏమీ అనను. కానీ బసవమ్మ గారికి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు. మొహమాటం మనిషి. తెలిసిందంటే మీ మావయ్యకి మర్యాద చేద్దామని ఎంత పొగ వచ్చినా దగ్గుకుంటూ కిటికీ తెరిచే ఉంచుతుంది, నీ డాక్టరేటు బూడిదవుతుంది.

అత్తయ్య